మాట మధ్యలో మూగబోతే...

నల్గొండ రామగిరిలో ఓ మేడ మీది గది. తలుపు గడియ పెట్టి ఉంది. చప్పుడు వినపడకూడదని ఫ్యాను కూడా ఆపేశారు. లోపల ఆన్‌లైన్ ఇంటర్వ్యూ మొదలై పది నిమిషాలైంది. అటు నుంచి హైదరాబాద్ కంపెనీ వాళ్లు అడిగిన ప్రశ్న సగమే వినపడింది. మిగతా సగం వచ్చేలోపు చెవిలో 'డిస్‌కనెక్టెడ్' అంటూ ఓ ఆడగొంతు! మూడు సెకన్లు ఆగి అదే గొంతు 'కనెక్టెడ్' అంది. అప్పటికి ప్రశ్న అయిపోయింది, అవతలివాళ్లు జవాబు కోసం చూస్తున్నారు. ఒకసారైతే 'సారీ సర్, మళ్లీ చెప్పండి' అనొచ్చు. నాలుగోసారి అనాల్సి వస్తే?

"ఏమైంది బిడ్డా?"

"మల్ల పోయింది నాయినా!"

"రాత్రే చార్జింగ్ పెడితివి గదనే..."

"చార్జింగ్ నిండ ఉన్నది. అదే పోతది, మల్ల అదే వస్తది."

"అట్లయితే తీసి అవతల పారెయ్. రేపు గడియారం కాడికి పోయి కొత్తది తెచ్చుకుందం."

ఇది ఫలానా ఇంట్లోనే జరిగిన ముచ్చటని కాదు. అటూ ఇటూగా చాలా ఇళ్లలో వినిపించేదే. 2020 సెప్టెంబరు 1న టీశాట్‌లోనూ, దూరదర్శన్ యాదగిరిలోనూ బడిపిల్లలకు డిజిటల్ పాఠాలు మొదలైన నాటి నుంచి చదువు ఇంట్లోకొచ్చింది. దాని వెనకే ఉద్యోగమూ వచ్చింది. ఐటీ టవర్లు 2023లో మహబూబ్‌నగర్‌కూ, నల్గొండకూ కూడా వచ్చాయి. ఊళ్లోనే ఉండి లాప్‌టాప్ ముందు కూర్చుని నెల జీతం తెచ్చుకునే పిల్లలున్న ఇంట్లో హెడ్‌ఫోన్ ఇప్పుడు పాటల పెట్టె కాదు, పనిముట్టు. రైతుకు బోరు మోటారు ఎలాగో వాళ్లకు అదలాగ.

బోరు మోటారు మాట వచ్చింది కాబట్టి ఓ ప్రశ్న. మోటారు ఆగిపోతే నల్గొండ రైతు ఏం చేస్తాడు? మొదట కరెంటు ఉందా అని చూస్తాడు. ఉంటే మూడు ఫేజులూ వస్తున్నాయా అని చూస్తాడు. తర్వాత ఫ్యూజు, ఆ తర్వాత స్టార్టర్, ఆపైన వైరు. ఇవన్నీ బాగున్నాయని తేలాకే మనుషుల్ని పిలిచి, పైపులు విప్పి, మోటారును పైకి లాగిస్తాడు. మొదటే మోటారు లాగించేవాడిని ఊరంతా చూసి నవ్వుతుంది. మరి హెడ్‌ఫోన్ దగ్గరికొచ్చేసరికి అందరూ చేస్తున్నది అదే! రెండుసార్లు తెగిపోగానే కొత్తది కొనేస్తారు. వారం తిరక్కుండా కొత్తదీ తెగిపోతుంది. ఎందుకంటే జబ్బు చాలాసార్లు హెడ్‌ఫోన్‌లో ఉండదు.

దొంగ ఎటువైపు?

బ్లూటూత్ అంటే ఇద్దరి మధ్య మాట. ఆగిందంటే తప్పు ఈయనదైనా కావాలి, ఆయనదైనా కావాలి, లేదా మధ్యలో ఉన్న గాలిదైనా కావాలి. అది తేల్చడానికి పైసా ఖర్చులేని పరీక్ష ఒకటుంది. కంప్యూటర్‌లో బ్లూటూత్ ఆపేసి, అదే హెడ్‌ఫోన్‌ను ఫోనుకు కలిపి, అదే గదిలో అదే కుర్చీలో కూర్చుని ఓ గంటసేపు ఏదైనా వినండి. తెగకుండా పలికిందా? అయితే హెడ్‌ఫోన్ నిర్దోషి. కంప్యూటర్ సంగతి చూడాలి. ఫోనుతోనూ తెగుతోందా? అప్పుడు వేరే గదిలోకి వెళ్లి మళ్లీ విని చూడండి. అక్కడ బాగుంటే ఆ గదిలో ఏదో అడ్డుపడుతోంది. అక్కడా తెగితే మాత్రం హెడ్‌ఫోన్‌నే అనుమానించాలి. పక్కింటి వాళ్ల హెడ్‌ఫోన్ ఓ గంట అరువు తెచ్చుకుని మీ కంప్యూటర్‌కు కలిపి చూస్తే రుజువు ఇంకా గట్టిపడుతుంది.

ఈ పరీక్ష చేయకుండా సెట్టింగులన్నీ కదిపేవాళ్లే ఎక్కువ. ఏది మార్చాక బాగైందో తెలియదు, ఏది మార్చాక పాడైందో అసలే తెలియదు. ఒక్కసారికి ఒక్కటే మార్చడం, మార్చాక కనీసం అరగంట చూడటం... ఇంతకు మించిన విద్య మెకానిక్కుల దగ్గర కూడా లేదు.

ఇంట్లోనే ఉన్నాడు పోటీదారు

కంప్యూటర్ జోలికి వెళ్లే ముందు ఇంకో అనుమానితుణ్ని చూడాలి. వేరెవరో కాదు, ఇంట్లోని మరో ఫోను. ఈ మధ్య వస్తున్న చాలా హెడ్‌ఫోన్లు ఒకేసారి రెండు పరికరాలతో చెలిమి చేస్తాయి. దీన్ని మల్టీపాయింట్ అంటారు. పనికొచ్చే సదుపాయమే. లాప్‌టాప్‌లో మీటింగ్ నడుస్తుండగా ఫోన్ మోగితే అదే హెడ్‌ఫోన్‌లో ఎత్తుకోవచ్చు. కానీ ఆ ఫోనులో ఎవరో పంపిన వీడియో తనంతట తానే ఆడటం మొదలుపెట్టినా, మెసేజి వచ్చి టింగుమన్నా హెడ్‌ఫోన్ అటు తిరిగిపోతుంది. లాప్‌టాప్ దగ్గరున్న మనిషికి మాత్రం 'తెగిపోయింది' అనిపిస్తుంది.

ఇంకో రకమూ ఉంది. పొద్దున నాన్న అదే హెడ్‌ఫోన్‌ను తన ఫోనుకు కలుపుకుని సుప్రభాతం విన్నారనుకోండి. ఆయన ఫోను పక్కగదిలో చార్జింగులో ఉంది. అందులో బ్లూటూత్ ఆన్‌లోనే ఉంది. పదిగంటలకు అమ్మాయి హెడ్‌ఫోన్ ఆన్ చేస్తే అది గోడ అవతలున్న నాన్న ఫోనును పలకరిస్తుంది. చాలా హెడ్‌ఫోన్లు చివరిసారి కలిసిన పరికరాన్నే మొదట వెతుక్కుంటాయి మరి! లాప్‌టాప్ పిలుస్తుంది, ఫోను పిలుస్తుంది. మధ్యలో అది అటూ ఇటూ తిరుగుతుంది. మందు తేలికే. పని మొదలుపెట్టే ముందు ఇంట్లో ఆ హెడ్‌ఫోన్ వాడిన ఫోన్లన్నింటిలో బ్లూటూత్ ఆపేయాలి. ఎప్పటికీ పీడ పోవాలంటే ఆ ఫోన్ల జాబితాలోంచి హెడ్‌ఫోన్ పేరును 'ఫర్‌గెట్' కొట్టేయాలి. పాపం నాన్నకు ఓ చవక వైరు ఇయర్‌ఫోన్ కొనిస్తే ఇంట్లో శాంతి.

గాలిలో అంగడి

మధ్యలో ఉన్న గాలి సంగతి తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. స్వీడన్‌లోని లుండ్ పట్నంలో ఎరిక్సన్ కంపెనీ ఇంజినీర్లు 1994లో ఈ తీగలేని మాటకు శ్రీకారం చుట్టారు. పదో శతాబ్దంలో డెన్మార్క్‌ను ఏలిన హెరాల్డ్ బ్లూటూత్ అనే రాజు పేరును ఇంటెల్ ఇంజినీరు జిమ్ కార్డాక్ సూచించాడు. విడిపోయిన తెగల్ని కలిపిన రాజు పేరు వేర్వేరు కంపెనీల యంత్రాల్ని కలిపే పనికి బాగుంటుందని! 1998లో ఎరిక్సన్, నోకియా, ఇంటెల్, ఐబీఎం, తోషిబా కలిసి కూటమి కట్టాయి. అసలు పేరు దొరికేదాకా తాత్కాలికంగా అనుకున్న పేరే స్థిరపడిపోయింది.

వాళ్లు ఎంచుకున్నది 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలు. ప్రపంచంలో చాలాచోట్ల వీటికి లైసెన్సు అక్కర్లేదు. తక్కువ శక్తితో వాడేందుకు మన దేశంలోనూ 2005లో లైసెన్సు తీసేశారు. లైసెన్సు లేదంటే ఊరుమ్మడి బీడులాంటిదన్నమాట. ఎవరి గొడ్లనైనా తోలుకోవచ్చు. అందుకే వైఫై అక్కడే, తీగలేని మౌసు అక్కడే, కీబోర్డూ అక్కడే. వంటింట్లో మైక్రోవేవ్ ఓవెన్ కూడా ఇంచుమించు అదే చోట పనిచేస్తుంది. వారం అంగడిలో నలుగురు వ్యాపారులు ఒకేసారి కేకలేస్తే పక్కనున్నవాడి మాట వినపడుతుందా? ఇదీ అంతే.

పైగా బ్లూటూత్ గొంతు చాలా చిన్నది. మామూలుగా హెడ్‌ఫోన్ల తరగతి పరికరాలు పంపే శక్తి 2.5 మిల్లీవాట్లకు మించదు. పడకగదిలో వెలిగే అరవాటు బెడ్‌లైటులో ఇది రెండు వందలో వంతు! ఓవెన్ ఏమో లోపల ఏడెనిమిది వందల వాట్లతో ఉడికిస్తుంది. దాని తలుపు సందుల్లోంచి మనిషికి హాని చేయని పాటి పిసరంత బయటికొచ్చినా బ్లూటూత్ మాట మునిగిపోతుంది. అమ్మ పాలు వేడిచేసిన ప్రతిసారీ అబ్బాయి పాఠం తెగుతోందంటే అది కాకతాళీయం కాదు.

ఈ గోల మధ్య బతకడానికి బ్లూటూత్ ఓ ఉపాయం చేసింది. ఒకేచోట నిలబడదు. ఆ బీడును 79 చిన్న మడులుగా చేసుకుని, సెకనుకు 1,600 సార్లు ఒక మడిలోంచి మరో మడిలోకి గెంతుతుంటుంది. ఎక్కడ గెంతాలో హెడ్‌ఫోన్‌కూ కంప్యూటర్‌కూ మాత్రమే ముందే తెలుసు. ఇలాంటి గెంతుల ఆలోచనకు 1942లోనే అమెరికాలో పేటెంటు తీసుకున్న ఇద్దరిలో ఒకరు హాలీవుడ్ తార హెడీ లమార్ అంటే నమ్మబుద్ధి కాదు. శత్రువు అడ్డుకోలేని టార్పెడో కోసం సంగీతకారుడు జార్జ్ ఆంథీల్‌తో కలిసి ఆమె చేసిన ఆలోచన అది. 2003లో వచ్చిన బ్లూటూత్ 1.2తో మరో తెలివి చేరింది. రద్దీగా ఉన్న మడుల్ని గుర్తుపట్టి వదిలేసి, ఖాళీ మడుల్లోనే గెంతడం. అయితే మడులన్నీ నిండిపోతే అదీ ఏం చేస్తుంది? అపార్ట్‌మెంట్లలో పై ఇంటి రౌటరు, కింది ఇంటి రౌటరు, ఎదురింటి రౌటరు అన్నీ 2.4లోనే ఉంటే అదే పరిస్థితి.

దీనికి చేయాల్సింది మన ఇంటి వైఫైని అక్కడి నుంచి ఖాళీ చేయించడం. ఇప్పటి రౌటర్లు చాలావరకు రెండు రకాల వైఫై ఇస్తాయి. ఒకటి 2.4, రెండోది 5 గిగాహెర్ట్జ్. వైఫై జాబితాలో మీ ఇంటి పేరు రెండుసార్లు కనిపించి, ఒకదాని చివర 'ఫైవ్ జీ' అని ఉందా? లాప్‌టాప్‌ను దానికి కలపండి. (ఇది ఫోన్ల 5జీ కాదు. పేరు కలిసింది, అంతే.) లాప్‌టాప్‌లకు ఇది మరీ ముఖ్యం. ఎందుకంటే చాలా లాప్‌టాప్‌లలో వైఫై, బ్లూటూత్ రెండూ ఒకే చిన్న కార్డు మీద ఉండి, యాంటెన్నాను వంతులవారీగా పంచుకుంటాయి. వైఫై 2.4లో పెద్ద ఫైలు దించుకుంటుంటే బ్లూటూత్‌కు వంతు సరిగా రాదు. పాట నత్తినత్తిగా వినిపిస్తుంది, ఆపైన తెగుతుంది. 5 గిగాహెర్ట్జ్‌కు ఒక లోపముంది, గోడలు దాటితే నీరసపడుతుంది. రౌటరు కింది అంతస్తులో, చదువు పై అంతస్తులో అయితే రౌటరును మెట్ల దగ్గరికైనా జరపాలి.

ఛాయా సోమేశ్వరుడి పాఠం

మరో అడ్డు మనిషి ఒళ్లే. ఒంట్లో సగానికి పైగా నీరు. ఈ తరంగాలను నీరు బాగా మింగేస్తుంది. లాప్‌టాప్ బల్లమీద పెట్టి, దానికి వీపు తిప్పి కూర్చుంటే మధ్యలో మీరే ఓ గోడ.

మరి గదిలో ఎటు తిరిగినా పలికే హెడ్‌ఫోన్ డాబా మీదకు వెళ్తే ఎందుకు తెగుతుంది? అక్కడ గోడ లేదు, బీరువా లేదు, అంతా బయలు. ఇంకా బాగా పలకాలి కదా! దీనికి జవాబు నల్గొండ పక్కనే పానగల్లులో ఉంది. అక్కడి ఛాయా సోమేశ్వరాలయంలో శివలింగం వెనక గోడ మీద స్తంభం నీడ పగలంతా పడుతుంది. పొద్దు తూర్పున ఉన్నా, పడమటికి వాలినా ఆ నీడ కదలదు. వందల ఏళ్లుగా జనం అబ్బురపడుతున్న ఆ నీడకు భౌతికశాస్త్రం తెలిసినవాళ్లు చెప్పే వివరణ ఏమిటంటే, గర్భగుడిలోకి ఎండ నేరుగా పడదు. చెదిరి, తిరిగి, స్తంభాల మధ్య సందుల్లోంచి వచ్చే పగటి వెలుగే లోపలికి చేరుతుంది. సూర్యుడు ఎక్కడున్నా ఆ వెలుగు వచ్చే దారులు అవే కాబట్టి నీడా అక్కడే.

వెలుతురు ఒక్క దారిన రాదు. తగిలి, తిరిగి, మలుపులు తీసుకుని వస్తుంది. బ్లూటూత్ తరంగాలూ వెలుతురు జాతివే. కాకపోతే కంటికి కనపడవు, ఒక్కో తరంగం దాదాపు 12 సెంటీమీటర్ల పొడవుంటుంది. గదిలో మీ ఒళ్లు అడ్డొచ్చినా గోడలకు, స్లాబుకు తగిలి తిరిగొచ్చిన తరంగాలు చెవి దగ్గరికి చేరతాయి. డాబా మీద తగిలి తిరిగిరావడానికి ఏదీ లేదు. నేరుగా వచ్చేది ఒళ్లు మింగేస్తే ఇక ఏమీ మిగలదు. కాబట్టి సాయంత్రం చల్లగాలికి డాబా ఎక్కి మీటింగులో కూర్చునేవాళ్లు లాప్‌టాప్‌ను ఒడిలోనో, ఎదురుగానో పెట్టుకోవాలి. ఫోనైతే వెనక జేబులో కాకుండా చొక్కా జేబులో పెట్టుకుంటే తేడా వెంటనే తెలుస్తుంది.

ఇనుప బీరువా, ఫ్రిజ్జు, నీళ్ల డ్రమ్ము కూడా అడ్డే. పది మీటర్ల దాకా పలుకుతుందని పెట్టె మీద రాసే లెక్క అడ్డులేని చోట చూసింది. రెండు ఇటుక గోడలు దాటించి ఆ లెక్క అడగకూడదు.

నిద్రపోయే కంప్యూటర్

గాలి బాగుంది, పోటీ ఫోను లేదు, హెడ్‌ఫోన్ ఫోనుతో చక్కగా పలుకుతోంది. అయినా కంప్యూటర్‌తోనే తెగుతోంది. అప్పుడు మొదట అనుమానించాల్సింది కంప్యూటర్ పొదుపు బుద్ధిని. బ్యాటరీ మిగల్చడానికి విండోస్ అప్పుడప్పుడు పనిలేని భాగాలను నిద్రపుచ్చుతుంది. కొన్నిసార్లు పనిలో ఉన్నదాన్ని కూడా పనిలేనిదనుకుంటుంది. ముఖ్యంగా వీడియో మధ్యలో ఆపి ఐదు నిమిషాలకు మళ్లీ మొదలుపెడితే శబ్దం రాకపోవడం ఈ నిద్ర లక్షణమే.

స్టార్ట్ బటన్ మీద మౌసు కుడి మీట నొక్కితే వచ్చే జాబితాలో 'డివైస్ మేనేజర్' ఉంటుంది. అందులో 'బ్లూటూత్' అన్న వరుసను తెరిస్తే బ్లూటూత్ అడాప్టర్ పేరు కనిపిస్తుంది. ఇంటెల్, రియల్‌టెక్, మీడియాటెక్... ఇలా ఏదో ఒక కంపెనీ పేరుతో ఉంటుంది. దాన్ని రెండుసార్లు నొక్కి, 'పవర్ మేనేజ్‌మెంట్' అన్న పుటలో కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపేయొచ్చంటూ విండోస్‌కు అనుమతినిచ్చే గడి ముందు టిక్కు ఉంటే తీసేసి, ఓకే చేయాలి. కొన్ని కొత్త లాప్‌టాప్‌లలో ఆ పుటే కనిపించదు. కంగారు పడక్కర్లేదు. మీ చేతిలో లేదన్నమాటే గానీ చెడిపోయినట్టు కాదు. యూఎస్‌బీ తీగతో కలిపే హెడ్‌సెట్ అయితే అదే జాబితాలో చివర ఉండే 'యూఎస్‌బీ రూట్ హబ్'లకు ఇదే వైద్యం చేయాలి.

నిద్ర కాదని తేలితే తర్వాత మెట్టు పాత పరిచయం తుడిచేసి కొత్తగా కలపడం. మొదటిసారి కలిసినప్పుడు హెడ్‌ఫోన్, కంప్యూటర్ ఓ రహస్య తాళంచెవిని పంచుకుని దాచుకుంటాయి. విండోస్ అప్‌డేట్ల తర్వాతో, హెడ్‌ఫోన్ సాఫ్ట్‌వేర్ మారాకో ఈ లెక్క తేడా రావొచ్చు. విండోస్ 11లో సెట్టింగ్స్ తెరిచి 'బ్లూటూత్ అండ్ డివైసెస్'లో హెడ్‌ఫోన్ పేరు పక్కనున్న మూడు చుక్కలు నొక్కి 'రిమూవ్ డివైస్' అనాలి. ఇక్కడ చాలామంది సగంలో ఆగిపోతారు. కంప్యూటర్ మరిచిపోతే చాలదు, హెడ్‌ఫోన్ కూడా మరిచిపోవాలి. దాన్ని రీసెట్ చేయడానికి ఏ బటన్ ఎన్ని సెకన్లు నొక్కిపట్టాలో పెట్టెలో వచ్చిన మడత కాగితంలో ఉంటుంది. ఆ కాగితాన్ని పారేయకుండా దాచే ఇల్లాలికి ఈ సందర్భంలో దండం పెట్టాలి. రెండువైపులా తుడిచాక కంప్యూటర్ రీస్టార్ట్ చేసి కొత్తగా కలపండి. చాలా జబ్బులు ఇక్కడితో పోతాయి.

అప్పటికీ లొంగకపోతే డ్రైవర్. బ్లూటూత్ కార్డుకూ విండోస్‌కూ మధ్య దుబాసీ లాంటి సాఫ్ట్‌వేర్ ఇది. పాతబడితే మాటలు తప్పు తర్జుమా చేస్తుంది. దీన్ని లాప్‌టాప్ తయారుచేసిన కంపెనీ వెబ్‌సైటులో మీ మోడల్ నంబరు కొట్టి దించుకోవాలి. 'మీ డ్రైవర్లన్నీ పాతబడ్డాయి, ఉచితంగా సరిచేస్తాం' అని కళ్ల ముందు ఎగిరే ప్రకటనలను మాత్రం నమ్మొద్దు. హెడ్‌ఫోన్ బాగుచేయబోయి కంప్యూటర్‌కే చేటు తెచ్చుకున్నట్టవుతుంది. ఇక విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇంకా దాని మీదే ఉన్నవాళ్లకు కొత్త హెడ్‌ఫోన్లతో పేచీలు పెరగొచ్చు.

పెట్టెలోనే మిగిలిన కొమ్ములు

టేబుల్ మీద పెట్టుకునే డెస్క్‌టాప్‌ల కథ వేరు. విడిభాగాలు కొని బిగించిన కంప్యూటర్లలో వైఫై, బ్లూటూత్ ఉన్న మదర్‌బోర్డు అయితే వెనక రెండు చిన్న ఇత్తడి మరలు కనిపిస్తాయి. వాటికి బిగించాల్సిన యాంటెన్నా కొమ్ములు మదర్‌బోర్డు పెట్టెలోనే ఉంటాయి. నెట్ తీగతో వస్తోంది కదా, వైఫై ఎందుకులే అని బిగించిన వాళ్లు వాటిని అలాగే వదిలేస్తారు. బ్లూటూత్‌కూ అవే చెవులు అన్న సంగతి ఎవరికీ తట్టదు. ఫలితం, రెండడుగులు జరిగితే చాలు హెడ్‌ఫోన్ గోవిందా! అటకెక్కిన పెట్టె దించి ఆ కొమ్ములు బిగిస్తే చాలు.

యూఎస్‌బీలో గుచ్చే చిన్న బ్లూటూత్ డాంగిల్ వాడేవాళ్లు దాన్ని క్యాబినెట్ వెనక గుచ్చుతారు. అంటే ఓ పెద్ద రేకు పెట్టె వెనక దాచినట్టు. దానికి తోడు పక్కనే నీలిరంగు యూఎస్‌బీ 3.0 రంధ్రంలో హార్డ్‌డిస్కు ఉంటే మరీ కష్టం. ఆ వేగపు తీగ పనిచేస్తున్నప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర గోల పుట్టిస్తుందని ఇంటెల్ కంపెనీయే 2012లో పరీక్షించి మరీ చెప్పింది. ఓ జానెడు యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ తీగ కొని, డాంగిల్‌ను ముందుకు, బల్ల మీదకు లాగితే రెండు బాధలూ ఒకేసారి తీరతాయి.

జబ్బు కానిదాన్ని జబ్బనుకుంటే

పాట వింటుంటే ఎంతో బాగుంటుంది. మీటింగులోకి వెళ్లగానే గొంతులన్నీ పాత ల్యాండ్‌లైను ఫోనులోంచి వచ్చినట్టు మారిపోతాయి. ఇది చెడిపోవడం కాదు. సాధారణ బ్లూటూత్‌లో పాట పంపే పద్ధతి వేరు, మాట్లాడే పద్ధతి వేరు. మైకు వాడాల్సి వచ్చిన క్షణంలో కంప్యూటర్ రెండో పద్ధతిలోకి మారుతుంది. వెడల్పాటి దారిని వచ్చేవాళ్లకూ పోయేవాళ్లకూ పంచాల్సి రావడంతో నాణ్యత పడిపోతుంది. ఆ మారే క్షణంలో ఒకటి రెండు సెకన్లు నిశ్శబ్దం. దాన్నే 'తెగింది' అనుకుని కొత్తవి కొన్నవాళ్లున్నారు. హెడ్‌ఫోన్‌ను వినడానికి మాత్రమే ఉంచి, మీటింగ్ సెట్టింగుల్లో మైకును లాప్‌టాప్ సొంత మైకుకు మారిస్తే శబ్దం మళ్లీ విచ్చుకుంటుంది. 2020లో ప్రకటించిన ఎల్‌ఈ ఆడియో అనే కొత్త పద్ధతి ఈ లోపాన్ని తీర్చేందుకే. కానీ కంప్యూటర్‌లోనూ, హెడ్‌ఫోన్‌లోనూ రెండింటా అది ఉండాలి.

ఇక నిజంగా హెడ్‌ఫోన్‌దే తప్పయితే ఎక్కువసార్లు అది బ్యాటరీ. నల్గొండ మేలో మేడ మీది గది ఎలా కాలుతుందో తెలిసిందే. లిథియం బ్యాటరీకి ఆ వేడి పడదు. కిటికీ అంచున ఎండలోనో, నిలిపిన కారులోనో వదిలేస్తే రెండేళ్లు రావాల్సింది ఏడాదికే నీరసపడుతుంది. చెవిలో పెట్టుకునే చిన్న బడ్స్‌లో ఒక్కటే పదేపదే పోతుంటే డబ్బాలో అది ఆనే లోహపు చుక్కల్ని పొడి దూదితో తుడిచి చూడండి. చెమట, మైనం పేరుకుని అది చార్జి కాకపోయి ఉండొచ్చు. బిల్లు, వారంటీ ఉంటే సర్వీసు సెంటరుకు వెళ్లండి. వాళ్లు తిప్పలు పెడితే జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫోన్ చేయొచ్చు.

తీగ హెడ్‌ఫోన్‌కూ ఈ తెగే రోగం ఉంది. తొంభైపాళ్లు అది పిన్ను మొదట్లో, తీగ వంగే చోట. జేబులో చుట్టి పెట్టినప్పుడల్లా లోపలి సన్నటి రాగిపోగులు ఒక్కొక్కటే విరుగుతాయి. అక్కడ పట్టుకుని మెల్లగా వంచితే శబ్దం వచ్చిపోతుంటే ఇక అనుమానం లేదు. విరగకపోయినా తెగుతోందంటే లాప్‌టాప్ రంధ్రంలో దుమ్ము కూరుకుని పిన్ను పూర్తిగా దిగట్లేదేమో చూడాలి. కంప్యూటర్ ఆపేసి, చెక్క పుల్లతో మెల్లగా తీయాలి. గుండుసూది వద్దు.

ఇంటర్వ్యూ రోజున అయితే ఈ వైద్యాలేవీ మొదలుపెట్టకూడదు. ఆ పూటకు మూడు వందల రూపాయల తీగ ఇయర్‌ఫోన్ ముందు ఏ ఖరీదైన బ్లూటూత్ అయినా బలాదూర్. దానికి చార్జింగు అక్కర్లేదు, పక్కగది ఫోను దాన్ని ఎగరేసుకుపోదు. అరగంట ముందే దాన్ని గుచ్చి, మీటింగ్ యాప్‌లోని పరీక్ష బటన్ నొక్కి, స్పీకరు, మైకు రెండింటి దగ్గరా దాని పేరే ఉందో లేదో చూసుకోవాలి. కొన్ని పాత ఇయర్‌ఫోన్ల పిన్నుకు రెండే నల్లగీతలు ఉంటాయి. వాటిలో వినపడుతుంది గానీ మైకు ఉండదు. మూడు గీతలున్నది చూసి తీసుకోవాలి. మధ్యలో ఏదైనా అయినా సరే, ఇంటర్వ్యూ చేసేవాళ్లకు ముందే ఓ ఫోన్ నంబరు ఇచ్చి ఉంచితే వాళ్లే చేస్తారు. అమ్మానాన్నలు చేయాల్సిన పని ఒక్కటే, ఆ గంటసేపు తమ ఫోన్లలో బ్లూటూత్ ఆపడం. పాలు స్టవ్ మీద కాచుకోవడం కూడా కలిపితే రెండు.